వెయ్యి సూర్యుల బరువు

పక్క గెలాక్సీలో ఒక చుక్క ఉంది. ఎక్స్‌రేల్లో చూస్తే ఉండవలసిన దానికన్నా ఎన్నో రెట్లు వెలుగుతుంది. అంత వెలుగు రావాలంటే అది వెయ్యి సూర్యుల బరువున్న కృష్ణబిలమే అయి ఉండాలని మా ప్రొఫెసర్ పన్నెండేళ్లుగా వాదిస్తున్నారు. తన గది తలుపు మీద, పైన, ‘వెయ్యి’ అని రాసి అంటించుకున్నారు కూడా. మనిషి అయిదడుగులు. గొంతు మాత్రం మూడో అంతస్తు దాకా వినిపిస్తుంది.

సోమవారం నాకు ఆ చుక్క గుండెలా కొట్టుకుంటూ కనిపించింది. సెకనుకొకసారి, తప్పకుండా. కృష్ణబిలం అలా కొట్టుకోదు. గిరగిరా తిరిగే న్యూట్రాన్ నక్షత్రం కొట్టుకుంటుంది. దాని బరువు మామూలుగా ఒకటిన్నర సూర్యుళ్లు.

వెయ్యి సూర్యుల వ్యాసం గురువారం అయిదింటికి పత్రికకి వెళ్లాలి. చెబితే ఆయన పన్నెండేళ్లూ బూడిదలో పోసిన పన్నీరు. నా పీహెచ్‌డీ మీద సంతకం పెట్టాల్సిందీ ఆయనే. చెప్పకపోతే తప్పు కింద నా పేరుంటుంది. మూడు రోజులు నోరు విప్పలేదు. అది భయమనే అనుకున్నాను. బుధవారం పళ్లు తోముకుంటూ అద్దంలో చూస్తే, నురగ వెనక నవ్వుతున్నాను.

అక్కకి ఫోన్ చేసి, అంత చిన్న నక్షత్రం అంతలా వెలుగుతోందని చెప్పాను.

“చిన్నవాళ్లే గట్టిగా అరుస్తారే! ఇది కనిపెట్టడానికి మూడేళ్ల చదువా?” అంది.

గురువారం నాలుగింటికి గ్రాఫ్ ఆయన ముందు పెట్టాను. కళ్లజోడు తీశారు, పెట్టుకున్నారు, మళ్లీ తీశారు.

“యంత్రం లోపమేమో?”

“కాదు సార్. మూడు పరిశీలనల్లోనూ ఉంది.”

“ఎప్పుడు తెలిసింది?”

“సోమవారం.”

“మూడు రోజులు కడుపులో పెట్టుకు కూర్చున్నావా?”

“భయమేసింది సార్.”

“భయమా! మొహం చూసుకో తల్లీ, ఎలా వెలిగిపోతోందో!”

“వెలుగు చూసి బరువు అంచనా కట్టకండి సార్.”

నోరు జారింది. ఈ మాట అనడం కోసం నేను మూడేళ్లుగా ఎదురుచూస్తున్నానని ఆ క్షణంలోనే అర్థమైంది.

ఆయన నవ్వారు. మూడో అంతస్తులో ఎవరో కిటికీ తెరిచారు.

తలుపు మీది కాగితం అంటించడానికి అప్పట్లో కుర్చీ ఎక్కారట. ఈసారి నన్ను పీకమన్నారు.

“మొదటి వాక్యం నుంచీ మళ్లీ రాయి. నీ పేరు ముందు, నాది వెనక.” తర్వాత గొంతు తగ్గించారు. “ఒకటిన్నరేనా? కనీసం రెండు చెయ్యవమ్మా. ఇంటికెళ్లి ఏమని చెప్పను?”