ఐసు లారీలో వచ్చిన పిస్టన్లు

పావ్‌చూ కొలిచి పచ్చ టిక్కు పెట్టనిదే ఆ షెడ్డులో ఏ సామానూ ఇంజనులోకి ఎక్కదు. విప్పడం, బిగించడం ఆమె మొగుడు చిన్‌షాన్ పని. కొలవడం ఆమె పని. పెళ్లైన కొత్తలో అతను ఒకసారి టిక్కు లేని బేరింగు బిగించబోతే ఆమె రెండు రోజులు మాట్లాడలేదు. ఆ తర్వాత ఇంకెప్పుడూ అతను ఆ సాహసం చేయలేదు. తుంగ్‌కాంగ్ రేవులో సగం పడవలు ముప్పై ఏళ్లుగా ఆ టిక్కును నమ్ముకునే సముద్రంలోకి వెళ్తున్నాయి.

ఇప్పుడు షెడ్డులో ఉన్నది థియెన్‌లై పడవ ఇంజను. థియెన్‌లై పావ్‌చూ తండ్రితో కలిసి వేటకు వెళ్లినవాడు, ఆమెను భుజాన ఎక్కించుకుని తిప్పినవాడు. ఆ ఇంజను చేసిన కంపెనీ దాని సామాను చేయడం ఎప్పుడో మానేసింది. దొరికేది బయటి సరుకే. బయటి సరుకంటే పెట్టె మీద ఒక కొలత, పెట్టె లోపల ఇంకో కొలత. కొన్ని బంగారంలా ఉంటాయి, కొన్ని ఎందుకూ పనికిరావు. చూపులకు రెండూ ఒకేలా మెరుస్తాయి.

పెద్ద ట్యూనా చేపలు వచ్చే కాలం మొదలైంది. థియెన్‌లై గుడికి వెళ్లి, అమ్మవారి ముందు జత చెక్క పలకలు విసిరి, అవి పడిన తీరులో ఆమె జవాబు చూసుకుని, ఎల్లుండి పొద్దున ఏడు గంటలకు బయల్దేరడానికి అనుమతి తెచ్చుకున్నాడు. ఆరుగురు మనుషులు సిద్ధంగా ఉన్నారు. అందుకే నిన్న పిస్టన్లు వచ్చీ రాగానే పావ్‌చూ నెత్తిన కూర్చున్నాడు. మామూలుగా బయటి నుంచి వచ్చిన సామాను ఒక రాత్రంతా ఆమె ఏసీ గదిలో రాతిబల్ల మీద ఉండాలి. ఇనుమైనా అల్యూమినియమైనా వేడికి పెరుగుతుంది, చలికి తగ్గుతుంది. గదీ, కొలిచే మైక్రోమీటరూ, కొలవాల్సిన ముక్కా ఒకే చల్లదనానికి వచ్చాకే ఆమె చెయ్యి వేస్తుంది. నిన్న మాత్రం, ఈయన పోరు పడలేక, అరగంటకే కొలిచేసింది. ఆరూ సరిపోయాయి. ఆరింటికీ టిక్కు పెట్టింది.

ఈ రోజు పొద్దున థియెన్‌లై వక్క నములుతూ, ఎర్రటి పెదాలతో హుషారుగా వచ్చాడు. చిన్‌షాన్ అప్పటికి మూడు పిస్టన్లు ఎక్కించేశాడు.

"అమ్మాయ్, నీ పిస్టన్లు ఎంత దర్జాగా వచ్చాయో తెలుసా? కొరియరు వాణ్ణి నమ్ముకుంటే ఇంకో మూడు రోజులు తిప్పేవాడు. మా మేనల్లుడి లారీలో, ఎర చేపలతో పాటు, ఐసులో పడుకుని మరీ వచ్చాయి!"

పావ్‌చూ చేతిలో ఉన్న రింగును బల్ల మీద పెట్టేసింది. "ఐసులోనా?"

"మరి? చేపలు కుళ్లిపోవూ! నీ పిస్టన్లు కూడా తాజాగా ఉండాలి కదా." తన హాస్యానికి తనే నవ్వుకున్నాడు. చిన్‌షాన్ కూడా నవ్వాడు.

పావ్‌చూ నవ్వలేదు. నిన్న ముక్కల మీద ఏదో తడి కనిపిస్తే ప్యాకింగ్ నూనె అనుకుని తుడిచేసిన సంగతి గుర్తొచ్చింది. చేతి వేడి తగలకూడదని ఎప్పుడూ తొడుక్కునే నూలు తొడుగులే ఆ చల్లదనాన్ని చేతికి తెలియనివ్వలేదు. ఆమె గబగబా గదిలోకి వెళ్లింది. రాత్రంతా బల్ల మీదే ఉన్న మిగిలిన మూడు పిస్టన్లలో ఒకదాన్ని తీసుకుని కొలిచింది. నిన్న రాసుకున్న దానికన్నా ఐదు గీతలు ఎక్కువ. మిల్లీమీటరును వంద ముక్కలు చేస్తే ఒక ముక్క గీత. రెండోది కొలిచింది, మూడోది కొలిచింది. అవీ అంతే. ముందు సిగ్గేసింది. భయం ఆ తర్వాత వచ్చింది.

పిస్టనుకూ అది ఆడే గొట్టానికీ, అంటే లైనరుకూ, మధ్య పదమూడు గీతల సందు ఉండాలి. ఉన్నది ఎనిమిది. ఇంజను వేడెక్కితే పిస్టను ఉబ్బుతుంది. ఉబ్బడానికి చోటు లేకపోతే లైనరును కరిచి పట్టుకుంటుంది. అది రేవులో జరిగితే తిట్లతో పోతుంది. రెండు వందల మైళ్ల అవతల, అలల మధ్య జరిగితే ఆరుగురి ప్రాణాలు పోతాయి.

బయటికొచ్చి "ఆపు. మూడూ బయటికి తియ్యి" అంది మొగుడితో.

"టిక్కు ఉందిగా!"

"ఉంది. అది తప్పు టిక్కు."

చిన్‌షాన్ ఆమె ముఖం చూసి పానా అందుకున్నాడు. థియెన్‌లై మాత్రం అగ్గి మీద గుగ్గిలమయ్యాడు.

"ఏంటే ఇది? నిన్న బాగున్నాయంటివి, ఇవాళ బాగాలేవంటావా? రాత్రికి రాత్రి బలిసిపోయాయా?"

"అవును బాబాయ్. బలిశాయి."

"నాతో పరాచికాలా?"

పావ్‌చూ వెళ్లి ఎదురుగా చేపల దుకాణం నుంచి ఒక బక్కెట్టు ఐసు తెచ్చింది. పిస్టను ఒకదాన్ని సంచిలో చుట్టి గంటసేపు అందులో పెట్టింది. తర్వాత మైక్రోమీటరు ఆయన చేతికిచ్చి, ఎక్కడ పట్టాలో చూపించి, ఆయన చేతనే కొలిపించింది. ఆయన కళ్లద్దాలు సర్దుకుని మూడుసార్లు చూశాడు. తర్వాత బల్ల మీది పిస్టను కొలిచాడు. ఐసులోది చిన్నదిగా తేలింది. నోట్లో వక్క నమలడం ఆగిపోయింది.

"తప్పు మావాడి లారీదా?" కాస్త తగ్గి అడిగాడు.

"నాది. లారీకి కొలవడం రాదుగా."

"ఇప్పుడేం చేస్తావు?"

"ఆరు లైనర్లూ ఐదు గీతలు అరగదీయాలి. రెండు రోజులు పడుతుంది. ఎల్లుండి పొద్దున నువ్వు వెళ్లడం లేదు."

"అమ్మవారి దగ్గర అడిగి తెచ్చుకున్న ముహూర్తం!"

"మళ్లీ వెళ్లి అడుగు. కావాలంటే నేనూ వస్తాను, నా తప్పేనని చెప్తాను. ఈ పిస్టన్లతో మాత్రం ఇంజను ఇవ్వను. బలవంతంగా తీసుకెళ్తే టిక్కులు చెరిపేసి ఇస్తాను."

థియెన్‌లై పళ్లు కొరికాడు, షెడ్డు చుట్టూ ఒక చుట్టు తిరిగాడు, ఖాళీ నూనె డబ్బాను తన్నాడు. చివరికి దాని మీదే కూర్చుండిపోయాడు. ముసలాడికి కోపం ఎంత తొందరగా వస్తుందో, బుర్ర కూడా అంతే తొందరగా పనిచేస్తుంది.

"సరే. మావాడి లారీలో నీ సామాను రావడం ఇదే మొదటిసారా?"

పావ్‌చూకు కొలతల పుస్తకం తెరవాల్సిన పని లేదు. ఆమెకు గుర్తుంది.

"కాదు. పోయిన నెల ఒకసారి వచ్చింది. అప్పుడూ తొందరపెడితే రాత్రంతా ఉంచకుండానే కొలిచాను. ఐసు వేశారని నాకు తెలీదు."

"ఎవరిది?"

"జుయ్‌ఫాది."

థియెన్‌లైకీ జుయ్‌ఫాకీ వలల తాళ్లు చిక్కుపడిన ఒక గొడవ తర్వాత ఇరవై ఏళ్లుగా మాటల్లేవు. జుయ్‌ఫా పడవ నాలుగు రోజులుగా సముద్రంలో ఉంది. థియెన్‌లై లేచి, ఆమె చెయ్యి పట్టుకుని రేవులోకి, తన పడవ మీదికి తీసుకెళ్లాడు. రేడియో తనే ఆన్ చేసి, తనే పిలిచాడు.

"జుయ్‌ఫా! ఓ జుయ్‌ఫా! నేనురా, థియెన్‌లైని."

చాలాసేపటికి గొంతు వినిపించింది. "నువ్వా! ఎవరైనా పోయారా?"

థియెన్‌లై మైకు పావ్‌చూ చేతిలో పెట్టాడు. ఆ రేడియోను రేవు పడవలన్నీ వింటాయి. నలభై పడవలు. పనులు చేసుకుంటూ, అన్నాలు తింటూ, అందరూ వింటూనే ఉంటారు. ఏదో సాకు చెప్పి పడవను వెనక్కి రప్పించవచ్చు. ఆ ఆలోచన ఆమెకు రాకపోలేదు. వచ్చింది, పోయింది.

"జుయ్‌ఫా అన్నా, నేను పావ్‌చూని. పోయిన నెల నీ పిస్టన్లు నేను తప్పు కొలిచి ఉండొచ్చు."

"ఏంటీ? గాలి హోరు. వినపళ్లేదు. గట్టిగా చెప్పు."

ఆమె మీట గట్టిగా నొక్కింది. "నేను పావ్‌చూని! నీ పిస్టన్లు చల్లగా ఉన్నప్పుడు కొలిచాను. మంచివో కాదో నాకు తెలీదు. తెలీకుండానే టిక్కు పెట్టాను. ఇంజను సగానికి తగ్గించు. మెల్లగా ఇంటికి రా. ఖర్చు నాది, తప్పూ నాదే."

"తగ్గించాను," అన్నాడు జుయ్‌ఫా. "చేపలు ఇప్పుడే పడుతున్నాయి, తెలుసా నీకు?"

"తెలుసు. అయినా రా."

"వస్తున్నాలే."

ఆమె మైకు కింద పెట్టబోతుండగా ఇంకో గొంతు వచ్చింది. ఎవరిదో పడుచు గొంతు, ఏ పడవదో తెలియదు.

"అక్కా, మరి మాది? మాదీ నువ్వే కదా కొలిచింది?"

వెనకే ఇంకో గొంతు. "మాది కూడా పావ్‌చూ, పోయిన ఏడాది."

థియెన్‌లై రేడియో కట్టేయబోయాడు. పావ్‌చూ ఆయన చెయ్యి పక్కకు తోసి, స్టూలు లాక్కుని కూర్చుంది. కళ్లు తుడుచుకుంది. పెన్ను, కాగితం ఇమ్మని ఆయనకు సైగ చేసి, మళ్లీ మీట నొక్కింది.

"ఒక్కొక్కరే పడవ పేరు చెప్పండి," అంది. "వింటున్నాను."