గంగమణి వేళ్లు

గోదావరి మూడోసారి వేలు పెట్టింది. వేలిముద్ర యంత్రంలో ఎర్రదీపం మిణుకుమని ఆరిపోయింది. జమీర్ అలవాటుగా, తల ఎత్తకుండానే, తుడుచుకుని మళ్లీ పెట్టమన్నాడు. ఆమె వేలిని కొంగుకు రుద్దింది, గోడకు రుద్దింది, చివరికి నోటి ఆవిరి కూడా పట్టించింది. వెనక బీడీల మూటలు చంకన పెట్టుకుని ఇరవైమంది ఆడవాళ్లు నిలబడి ఉన్నారు.

బోధన్‌లోని ఆ బీడీ కార్ఖానాలో కంప్యూటర్ అంటే అరచేతంత పచ్చబోర్డు, అంతే. జమీర్ దానికో యూఎస్‌బీ హబ్ తగిలించి, తూకం యంత్రం, చీటీలు కొట్టే ప్రింటరు, కెమెరా, వేలిముద్ర యంత్రం అన్నీ అందులోనే గుచ్చాడు. ఒక్క ఎద్దుకు నాలుగు బండ్లు కట్టినట్టుండేది ఆ బల్ల.

జమీర్‌కు యాభై నాలుగేళ్లు. పలచటి గడ్డం, జేబులో టెస్టరు, ముక్కు మీదికి జారే కళ్లద్దాలు. ఈ కొలువుకు రాకముందు ఇరవై ఏళ్లు శక్కర్‌నగర్ దారిలో రేడియోలు, టేపురికార్డర్లు బాగుచేశాడు. పనిమంతుడే, కాదనడానికి లేదు. కానీ ఆ ఇరవై ఏళ్లలో తప్పు తనదని ఒక్క గిరాకీతోనైనా అన్న పాపాన పోలేదు. టేపు నలిగితే క్యాసెట్టు నకిలీది, ఫ్యూజు పోతే కరెంటోళ్ల నిర్వాకం. పొయ్యి మీద కూర చూస్తుండమని భార్య జకియా చెప్పిపోతే దాన్ని మాడ్చి, గిన్నె పలచనన్నాడు.

ఇక్కడైతే కారణం వెతుక్కునే పని కూడా లేకపోయింది. ఏళ్లతరబడి తునికాకు చుట్టే ఆడవాళ్ల వేళ్లు నున్నబడతాయని ఊరంతా ఎరిగిందే. ముద్ర పడకపోతే అందరూ వేలినే చూసేవారు, యంత్రం వైపు ఎవరూ చూసేవారు కాదు. ముద్ర లేకపోతే హాజరు లేదు. మూడు వారాలు హాజరు లేకపోతే పేరు కొట్టేస్తారు, ఇంక చుట్టడానికి ఆకూ తంబాకూ ఇవ్వరు. మొన్న వేసవిలో గంగమణికి అట్లాగే జరిగింది. అరవై దాటిన మనిషి, పదేళ్ల వయసు నుంచి బీడీలే చుట్టింది. చందూర్ నుంచి రెండు ఆటోలు మారి వచ్చేసరికి పదకొండయ్యేది, కార్ఖానా కిటకిటలాడుతుండేది, చీటీల ప్రింటరు ఆగకుండా ఆడుతుండేది. చివరి రోజు వరుసంతా వింటుండగా జమీర్ ఆమెతో అన్నాడు.

"నీ ఏళ్లు అరిగిపోయినయ్ అవ్వా. గవిట్ల గీతలే లేవు. మిషనేం జేస్తది?"

ఆమె కోప్పడలేదు. రెండు చేతులూ తిప్పి చూసుకుని, కొంగులో దాచుకుని వెళ్లిపోయింది.

గోదావరికి ఇంకా నలభై కూడా నిండలేదు. తనవి కూడా అప్పుడే అరిగాయా అని దిగులుగా అడిగింది. ఔనందామని నోరు తెరిచినవాడల్లా, ఎందుకో తన బొటనవేలు పెట్టి చూశాడు జమీర్. రోజూ పొద్దున ఎనిమిదింటికి, కార్ఖానా ఖాళీగా ఉన్నప్పుడు, ఠక్కున పడే వేలది. పడలేదు. ప్రింటరు ఆగాక పెట్టాడు, పడింది. ప్రింటరు ఆడిస్తూ పెట్టాడు, మళ్లీ పడలేదు.

బోర్డుకు తగిలించిన చిన్న తెర మీద ఒక మూల ఎన్నాళ్లుగానో చూపిస్తున్న హెచ్చరికను అప్పుడు చదివాడు. తగిలించినవాటన్నిటికీ కరెంటు చాలడం లేదట. హబ్‌కు విడిగా కరెంటు తెచ్చే తీగ ఒకటి ఉండాలి కదా అని, దాన్ని తడుముకుంటూ బల్ల కిందికి వంగాడు. దాని ప్లగ్గు తంబాకు దుమ్ములో పడి ఉంది. అది ఉండాల్సిన చోట జమీర్ టేబుల్ ఫ్యాను ప్లగ్గు ఉంది. ఏప్రిల్ ఎండలకు ఉక్కపోస్తోందని తానే మార్చుకున్నాడు, మార్చినట్టు మరిచిపోయాడు.

ఫ్యాను పీకి హబ్ ప్లగ్గు పెట్టాడు. గోదావరి ముద్ర పడింది. ఆమె తర్వాత వరుసలో ఒక్కటీ తప్పలేదు. మేనేజర్ భానుప్రసాద్ వచ్చి ఏం చేశావని అడిగితే, చిన్న సెట్టింగు మార్చానన్నాడు. ఆయన అందరి ముందూ భుజం తట్టాడు. గోదావరి చల్లగా ఉండమని దీవించింది. జమీర్‌కు తల కొట్టేసినట్టయింది. నిజం చెప్పడానికి అదే సమయమని తెలుసు, అయినా వంగి ఫ్యాను తీగ చుట్టసాగాడు. మధ్యాహ్నం టిఫిన్ డబ్బా మూత తీసి మళ్లీ పెట్టేశాడు. చల్లగాలి కోసం ఒక ముసలామె పొట్ట కొట్టాడు. పైగా ఆ తప్పు ఆమె చేతులకే అంటగట్టాడు.

నాలుగింటికి సెలవడిగి, రెండు ఆటోలు మారి చందూర్ వెళ్లాడు. ఎట్లా చెప్పాలో దారిపొడుగునా లోలోపల అనుకుంటూనే ఉన్నాడు, తెలుగులో ఒకసారి, ఉర్దూలో ఒకసారి. ఏ భాషలోనూ ఆ మాట అతనికి అలవాటు లేదు.

అడుగుతూ అడుగుతూ ఇల్లు చేరితే గంగమణి కోడలు వినీత బయటికి వచ్చింది. కార్ఖానా నుంచి వచ్చానని, అవ్వతో ఒక మాట చెప్పాలని అన్నాడు. అత్త పోయి పన్నెండు రోజులైందని చెప్పింది వినీత. జ్వరమొచ్చి, మూడో రోజు తెల్లవారేసరికి పోయిందట. జమీర్ అరుగు మీద కూర్చున్నాడు. వచ్చిన దారినే పోవచ్చు, ఇప్పుడు అడిగేవాళ్లెవరూ లేరు. ఆ ఆలోచన వచ్చినందుకు ఇంకా సిగ్గేసింది.

"అవ్వ ఏళ్లు మంచిగనే ఉండె బిడ్డా. తప్పు నాది. నా ఫ్యాన్ కోసం నేనే మిషన్ తీగ పీకిన."

వినీత గొంతులో కోపం లేదు.

"దినాం ఏళ్లకు కొబ్బరినూనె రాసుకుంటుండె. గీతలు మల్ల మొలుస్తయట. మొలిస్తే జమీర్ బాయికి సూపిస్త అన్నది."

నీళ్లు తెస్తానని ఆమె లోపలికి వెళ్లింది. జమీర్ తల దించుకోబోతూ గడప పక్క గూడు వైపు చూశాడు. అక్కడ చిన్న స్టీలు గిన్నె ఒకటి ఉంది, అడుగున కాస్త నూనె ఉంది. అంచు మీద, దుమ్ము పట్టిన నూనె జిడ్డులో, ఒక బొటనవేలి ముద్ర గీత గీతా విడివిడిగా పడి ఉంది.