ఫారంలో పదకొండో గడి

శేషాద్రి రిటైర్మెంటుకు ఇంకా పన్నెండు రోజులే ఉన్నాయి. ఆలోపు ప్రభుత్వ ఆరోగ్య బీమా ఫారం నింపి, సూపరింటెండెంటు సంతకంతో పంపకపోతే తర్వాత పెన్షనర్ల వరుసలో నిలబడి అంతా మళ్లీ మొదలుపెట్టాలని తార్నాక నెట్ సెంటర్ వాడు భయపెట్టాడు.

మొదటి పది గడులూ ఆయన చకచకా నింపేశాడు. ముప్ఫై మూడేళ్లు యూనివర్సిటీ పరీక్షల విభాగంలో కూర్చుని ఇతరుల ఫారాల్లో తప్పులు పట్టిన మనిషి. పదకొండో గడి దగ్గర పెన్ను ఆగింది. 'ప్రస్తుతం ఉన్న జబ్బులు' అనుంది అక్కడ. కాసేపు ఆలోచించి 'లేవు' అని రాశాడు.

ఆయన భార్య జయమ్మ వంటింట్లోంచి వచ్చి భుజం మీదుగా చూసింది.

"లేవా? మరి పొద్దున్నే అర్ధగంట బాత్రూములో ఎవరిని తిడతా ఉంటారు?"

"అది జబ్బు కాదే."

"మొలలు జబ్బు కాకపోతే పండగా? ఉండేది ఉండేట్టు రాయండి. రేపు ఆపరేషనంటే, బీమావాళ్లు దాచిపెట్టినారు పొమ్మంటే ఏం చేస్తారు?"

"సంతకం పెట్టేది రాజలింగం. చదువుతాడే ఆయన!"

"చదవనీండి. ఆయన మాత్రం కుర్చీలో కూర్చోడా?"

శేషాద్రి 'లేవు' కొట్టేసి, చీమ తలకాయంత అక్షరాలతో 'పైల్స్' అని రాశాడు. అదీ సిగ్గనిపించి దాని మీద ఓ గీత గీశాడు. జయమ్మ పెన్ను లాక్కుని, పక్కనే కొట్టొచ్చినట్టు 'మొలలు' అని రాసి చేతికిచ్చింది.

ఆయన క్యాంపస్‌కు వెళ్లేసరికి బంద్. ఆఫీసుకు తాళం. గేటు దగ్గర స్వీపరు కాశమ్మ ఎదురై, సూపరింటెండెంటు సార్ ఆర్ట్స్ కాలేజీ ముందు నిరాహారదీక్ష టెంటులో ఉన్నాడని చెప్పింది. శేషాద్రి గేటు దగ్గరే ఆగిపోయాడు. రాజలింగం జనగామ మనిషి, తనది ప్రొద్దుటూరు. ఇరవై ఏళ్లుగా ఒకే గదిలో పని చేశారు. ఉద్యమం ఊపందుకున్నాక మధ్యాహ్నం పూట టిఫిన్ డబ్బాలు పంచుకుంటూనే పోట్లాడుకుంటున్నారు. అలాంటిది తెలంగాణ టెంటులోకి తనెలా వెళ్లడం? కానీ పన్నెండు రోజులే ఉన్నాయి. వెళ్లాడు.

రాజలింగం బంతిపూల దండతో మైకు పక్కన కూర్చుని ఉన్నాడు.

"రా రా, శేషాద్రి సాబ్! మద్దతియ్యనీకి వచ్చినవా?"

"సంతకానికొచ్చినా సార్."

"గదీ మద్దతే. తే ఇటు."

అప్పుడే ఉపన్యాసం ముగించిన వక్త మైకు ఆపకుండానే దిగిపోయాడు. ఆ సంగతి వీళ్లిద్దరికీ తెలియదు. రాజలింగం కళ్లద్దాలు సర్దుకున్నాడు.

"పేరు కరెక్టే. తారీఖు కరెక్టే. పదకొండుల గిదేంది సార్? పైల్స్ అని రాసి కొట్టేసినవ్, మళ్ల మొలలని గింత పెద్దగ రాసినవ్. ఉన్నయా, లేవా?"

ఆ ప్రశ్న నాలుగు లౌడ్‌స్పీకర్లలోంచి కాలేజీ మెట్ల మీదికి, చెట్ల కిందికి, రోడ్డవతల హెల్మెట్లతో నిలబడ్డ పోలీసుల దాకా వెళ్లింది. నినాదాలు ఆగిపోయాయి. వెనక ఎవరో తుంటరి "ఉన్నయా, లేవా?" అని అందుకున్నాడు. రెండొందల మంది అదే ఊపులో అరిచారు: "ఉన్నయా? లేవా?"

శేషాద్రి ఫారం లాక్కుని పారిపోదామనుకున్నాడు. ఇక దాచడానికేమీ మిగల్లేదని తెలిశాక చిత్రంగా ధైర్యం వచ్చింది. మైకు మీదికి వంగాడు.

"ఉండాయి! పదకొండేండ్లుగా ఉండాయి!"

టెంటు చప్పట్లతో అదిరిపోయింది. వెనకే వచ్చిన కాశమ్మ, మజ్జిగ తాగమనీ మిరపకాయ ముట్టొద్దనీ గట్టిగా చెప్పింది. ఓ హెడ్ కానిస్టేబుల్ లాఠీతో రోడ్డు దాటి వస్తుంటే అందరూ లేచి నిలబడ్డారు. ఆయన నేరుగా శేషాద్రి చెవి దగ్గరికి వంగి, "డాక్టర్ ఎవరు సార్? వ్యాన్‌ల ఇనుప బల్ల మీద కూసొని కూసొని నాక్గూడ..." అన్నాడు.

నల్లకుంట డాక్టర్ పేరు చెప్పి పంపించాడు శేషాద్రి.

రాజలింగం మైకు ఆపి, తలెత్తకుండా సంతకం పెట్టాడు. "మాఫ్ చెయ్యి శేషాద్రి," అని గొంతు తగ్గించాడు. "నాక్గూడ ఉన్నయి. వచ్చే నెల నేనూ రిటైర్ అయితున్న గద. నా ఫారంల లేవని రాసిన."

"పంపినారా?"

"ఇంక లేదు. జేబులనే ఉన్నది."

"తీయండి మరి."

శేషాద్రి పెన్నిచ్చి, ఆయన దిద్దేదాకా కదలలేదు.

"మా రాష్ట్రం వచ్చినంక నీ బీమా కార్డు నేనే దగ్గరుండి చేపిస్త, ఫికర్ చెయ్యకు," అన్నాడు రాజలింగం.

"రాష్ట్రం సంగతి తర్వాత సార్. ముందు ఆపరేషన్ కానీండి."

కార్డులు రావడానికి నాలుగు నెలలు పట్టింది. ఇద్దరికీ ఒకే వారంలో, ఒకే ఆసుపత్రిలో ఆపరేషన్లయ్యాయి. పక్కపక్క మంచాల మీద బోర్లా పడుకుని, హైదరాబాద్ ఎవరిదని రెండు రోజులు ఎడతెగకుండా వాదించుకున్నారు. నర్సు వచ్చి కేకలేసింది, జయమ్మ దండం పెట్టింది. అయినా ఆగలేదు. కోపమొచ్చి లేచి వెళ్లిపోదామన్నా, ఇద్దరిలో ఎవరికీ లేచే ఓపిక లేదు.