మల్లేశప్ప పెట్టిన షరతు

మల్లేశప్పను పిలిపించాల్సి వచ్చినందుకు పొద్దున్నుంచీ నాకు ఒళ్లు మండిపోతూనే ఉంది. రెండేళ్ల కిందట సోలార్ పార్క్ గేటు దగ్గర, అందరి ముందు, దొంగ అని తిట్టి పనిలోంచి తరిమేసింది నేనే. మా ట్యాంకర్ నీళ్లు ఒక క్యాను పట్టుకుని పోతున్నాడని.

గతిలేక పిలిచాను. నాకున్నది ఒకటే ట్యాంకర్ లారీ. తిరుమణి సోలార్ పార్క్‌లో ప్యానెళ్లు కడగడానికి అది కంపెనీవాళ్ల నీళ్లు తోలుతుంది. పొలం ప్యానెళ్ల కిందికి పోయాక ఇల్లు నడిచేది దీనిమీదే. ఈ నెలలో రెండుసార్లు ఇంజిన్ వేడెక్కి, పొగలు కక్కి, ప్యానెళ్ల వరసల మధ్య ఆగిపోయింది. కంపెనీ ఇంజనీరు తెగేసి చెప్పాడు. డీజిల్ ఇంజిన్లలో చెయ్యి తిరిగిన మెకానిక్‌ను పెట్టుకోవాలి, సోమవారానికి బండి నడవాలి, లేకపోతే పని ఇంకొకరికి ఇస్తాడట. పావగడలో ఎవరిని అడిగినా ఒకటే పేరు చెప్పారు.

వచ్చాడు. మంచినీళ్లిస్తే ముట్టుకోలేదు.

"ముందు ఇంజిన్ ఇప్పుతా" అన్నాడు.

"పనిలో పెట్టుకోకముందే ఇప్పేదేంది?"

"నీ కాడ పనికి రావల్నో వద్దో నేను చూసుకోవద్దా, నేత్రమ్మా?"

ఎంత పొగరు! పనిస్తానన్నది నేనైతే, పరీక్ష పెట్టేది ఆయన.

డ్రైవర్ గోపాలప్ప సాయం పట్టాడు. మధ్యాహ్నానికి ఇంజిన్ హెడ్ ఊడదీసి గోనెపట్ట మీద పెట్టారు. నీళ్లు తిరిగే దారులన్నీ తెల్లగా పూడిపోయి ఉన్నాయి, స్నానానికి నీళ్లు కాచే అండా అడుగులా. స్క్రూడ్రైవర్‌తో పొడిచినా రాలలేదు.

"రేడియేటర్‌లో ఏం నీళ్లు పోస్తాండారు?"

గోపాలప్ప నా వైపు చూశాడు. "బోరు నీళ్లేనప్పా. అక్క చెప్పిందే."

మా బోరు నీళ్లు ఎంత ఉప్పో ఊరందరికీ తెలుసు. ట్యాంకర్‌లో ఉండేవి శుద్ధి చేసిన నీళ్లు. కానీ అవి కంపెనీవి, ఒక్క చెంబు ముట్టుకున్నా చేతులు విరగ్గొడతానని హుకుం వేసింది నేను.

"ఆ పొద్దు రేడియేటర్‌లో పోసే కూలెంట్ కొనియ్యమంటే కొనియ్యకపోతివి" అన్నాడు మల్లేశప్ప. "నీ ఇంజిన్ కోసమే ఇంజనీరును అడిగి ఒక క్యాను నీళ్లు పట్టుకుంటి. చెప్పబోతే నన్ను నోరెత్తనీలే."

 అప్పుడు కూడా నా నోట మంచి మాట రాలేదు. "అయిందేదో అయింది. బాగు చేస్తావా, లేదా?"

"చేస్తా. కానీ ఆ గేటు కాడికే రా. ఆడుండేవాళ్ల ముందర నేను దొంగను కాదని నీ నోటితో చెప్పు."

"నా లారీ కాడ నిలబడి నాకే షరతులా? పోప్పా, పో!"

నిజంగానే పానాలు సంచిలో వేసుకుని కదిలాడు. నా ముందు విప్పిపడేసిన ఇంజిన్. సోమవారానికి రెండే రోజులు. ఆయన రోడ్డెక్కేదాకా పళ్లు కొరుకుతూ చూసి, చెప్పులేసుకుని వెనకే గేటు దాకా నడిచాను.

గేటు నీడలో ప్యానెళ్లు కడిగే ఆడవాళ్లు అన్నం తింటున్నారు. వాచ్‌మన్ నాగప్ప లేచి నిలబడ్డాడు.

"ఆ పొద్దు పొరపాటు జరిగింది" అన్నాను.

"ఏం పొరపాటు? సరిగ్గా చెప్పు" అన్నాడు మల్లేశప్ప.

చెంప పగలగొట్టాలనిపించింది. "మల్లేశప్ప దొంగ కాదు. ఇంజనీరును అడిగే నీళ్లు పట్టుకున్నాడు. నేనే అన్యాయంగా నోరు పారేసుకున్నా" అన్నాను ఒక్క గుక్కలో.

ఎవరూ ఆశ్చర్యపోలేదు. అందరికంటే పెద్దదైన ఆంజినమ్మ ముద్ద కలుపుకుంటూ తలెత్తింది.

"అది మాకందరికీ ఆ మర్నాడే తెలుసు కదమ్మా. ఇంజనీరే చెప్పినాడు."

"మరి నాకెందుకు చెప్పలేదు?"

"నీకు ఎవరు చెప్తారు? చెప్తే వింటావా?"

తల కొట్టేసినట్టయింది. రెండేళ్లుగా ఈ గేటులోంచి రోజూ తలెత్తుకుని తిరిగాను. వీళ్లంతా నన్ను చూసి ఏమనుకుంటూ ఉన్నారో!

మల్లేశప్ప నా ముఖం కూడా చూడలేదు. "హెడ్డు పావగడకు తీసకపోయి సాపు చేయించల్ల. కూలెంట్ కావల్ల. నా పనిలో నోరు పెట్టినావంటే పానాలు ఆడనే పారేసి పోతా" అన్నాడు.

నేను గోపాలప్పకు ఫోన్ చేశాను.

"ఆయప్ప ఏమడిగితే అది తెచ్చియ్యి. నన్ను అడగొద్దు" అన్నాను.