బావ ఎద మీద బంగారు అక్షరాలు

తిరుప్పూరులో నా భర్తకు అన్న అయిన గోకుల్‌నాథ్ నడిపే బనియన్ల కంపెనీలో నేను దారాలు కత్తిరిస్తాను. ఇంగ్లీషు ఎం.ఏ. చదివినదాన్ని. ఆఫీసులో పని అడిగితే, ఆడకూలీలందరి ముందూ, "నీ ఇంగ్లీషు నా చెప్పు తుడిచేదానికి కూడా పనికిరాదు" అన్నాడు.

ఆ మాట నేను మరిచిపోలేదు.

మొన్న వ్యాపారుల సంఘం అతనికి సన్మానం పెట్టుకుంది. టీషర్టు మీద వేయించుకోవడానికి గొప్ప ఇంగ్లీషు మాట కావాలని నన్నే పిలిచాడు. "వైల్‌నెస్" అని రాసిచ్చాను. చూస్తేనే కడుపులో తిప్పేంత నీచత్వానికి ఇంగ్లీషువాళ్లు పెట్టిన పేరు అది. బావకు అక్షరాలు తెలుసు, అంతే.

"దీనికేమి అర్థం, సుగుణా?"

"అందరిలో ఉండే గుణం కాదు బావా."

బంగారు రంగులో ఎద నిండా అచ్చు వేయించుకుని వేదికెక్కాడు. ముందు వరుసలోని విదేశీ బయ్యర్లు ఒకరి ముఖాలు ఒకరు చూసుకుని, ఫోన్లు తీసి ఫొటోలు తీసుకున్నారు.

మర్నాడు అదే ఆడకూలీల ముందు నా దగ్గరికొచ్చాడు.

"తెల్లోళ్లంతా నా ఎదనే చూసినారు! రొంబ బాగుండాది. మన సూపర్‌వైజర్లకంతా ఇదే కొట్టించేద్దాం."

నేను కత్తెర ఆపలేదు.

"వద్దు బావా. ఇది మీ ఒక్కరికే సరిపోతాది."