బొత్తాల పిల్లకు ఏడు

చల్లటి వేళ్ళు.

రోజూ పొద్దున్నే బోను ఊచల్లోంచి రెండు చల్లటి వేళ్ళు బయటికి వచ్చేవి. ఆమె చొక్కా చేతి బొత్తాన్ని పట్టుకుని తిప్పేవి... తిప్పేవి... అందుకే ఆ కోతికి బొత్తాల పిల్ల అని పేరు.

కోతుల స్వభావాలు కొలవడం ఆమె ఉద్యోగం. ధైర్యం ఎంత, బెరుకు ఎంత, దూకుడు ఎంత — ఒకటి నుంచి ఏడు దాకా అంకెలు. నవ్వొచ్చే పనే. సొంత చెల్లెలి మనసు ఏనాడూ అంతుపట్టలేదు గానీ, ముప్పై కోతుల మనసులు మాత్రం గళ్ళలో నింపేసేది.

ఒక పొద్దున పిల్ల కరిచింది.

వేలి మీద రక్తం. కళ్ళల్లో నీళ్ళు. ఆ మంటలోనే కాగితం లాక్కుంది. దూకుడు — ఏడు.

కరిచిన రోజు కాగితం ముట్టకూడదు. కొత్తగా చేరినవాళ్ళందరికీ ఆ మాట నేర్పింది ఆమే.

ఏడు వచ్చిన కోతిని గుంపులో ఉంచరు. వారం తిరక్కుండానే పిల్ల చివరి గదిలో ఒంటరి బోను చేరింది.

అప్పుడు నోరు విప్పాడు మేత పెట్టే ముసలాయన. అంకెలు పక్కదారి పట్టకుండా, కొలిచేవాళ్ళకు కోతుల గురించి ఎవరూ ఏమీ చెప్పకూడదని అక్కడి నియమం. అంకెలు అధికారికి చేరేదాకా, పాపం, నోరు బిగబట్టుకున్నాడు.

"దానికి పన్ను పుచ్చిందమ్మా. చెంప ఇంత లావున వాచిపోతేనూ... మీరు చూళ్ళేదూ?"

చూళ్ళేదు.

"మొన్న పీకించాం. ఇప్పుడు ఎవర్నీ ఏమీ అనదు. గుంపు అరుపు వినపడితే చాలు, తలుపుకేసి చూస్తూ కూచుంటుంది."

తప్పు నాది — రెండే మాటలు. చెబితే పిల్ల గుంపులోకి వెళ్తుంది. చెబితే ఆమె వేసిన ఏ అంకెనూ ఇక నమ్మరు, మూడేళ్ళ కాగితాలన్నీ చెత్తబుట్టలోకి వెళ్తాయి.

రెండుసార్లు అధికారి గుమ్మం దాకా వెళ్ళింది. రెండుసార్లూ పక్కనున్న కుండలో మంచినీళ్ళు తాగి వచ్చేసింది. తన మీద తనకే అసహ్యం వేసింది.

ఇవాళ చివరి గదికి వెళ్ళింది. చేతిని ఊచలకు ఆనించింది — బొత్తాం అందేంత దగ్గరగా.

పిల్ల బొత్తాం వైపు చూడలేదు. వేలి మీది మచ్చను చూసింది. దగ్గరికి జరిగి, దాని చుట్టూ గోటితో మెల్లగా సవరించింది... గుంపులో తనవాళ్ళ గాయాల్ని సవరించినట్టే.

ఆమెకు ఏడుపు తన్నుకొచ్చింది.

నడవా చివర అధికారి గది తలుపు తెరిచే ఉంది. వెళ్ళాలంటే ముందు చెయ్యి వెనక్కి తీసుకోవాలి.

మచ్చ మీద, ఇంకా... చల్లటి వేళ్ళు.