సోఫా జరగదు

కొడుకు హాల్లో సోఫాని కిటికీ పక్కకి జరిపిన రోజే పెద్దావిడ పెంపుడు కుక్క దాన్ని గుద్దుకుని మూతి పగలగొట్టుకుంది. పశువుల డాక్టరమ్మ దాని కళ్లముందు చిన్న దూది ఉండ జారవిడిచింది. కుక్క తల తిప్పలేదు. కంటి వెనక పొర మెల్లగా పాడైపోయిందనీ, చూపు పోయి ఏడాది దాటి ఉంటుందనీ, ఇన్నాళ్లూ ఇల్లంతా గుర్తుపెట్టుకుని తిరిగిందనీ చెప్పింది.

ఇంటికొచ్చాక కొడుకు గొంతు సవరించుకున్నాడు.

"గుడ్డి కుక్కతో ఎన్నాళ్లు వేగుతావమ్మా? ఒక ఇంజెక్షన్ వేయిస్తే నిద్రలోనే పోతుంది, దానికీ సుఖం."

పెద్దావిడకి ఒళ్లు మండింది. నిన్నటిదాకా గేటు దగ్గర అలికిడైతే ముందు పసిగట్టింది ఇదే. దానికి చూపు లేదని ఇంట్లో కళ్లున్న ఒక్కరూ కనిపెట్టలేదు. ఇప్పుడొచ్చాడు జాలిపడటానికి.

"నడుం పట్టేస్తుందమ్మా," అని కొడుకు అంటున్నా వినకుండా, సోఫాని నేలమీద దాని కాళ్లు పడ్డ పాత గీతల దాకా తోసుకుంటూ పోయింది. కుక్క లేచి, దేనికీ తగలకుండా నేరుగా నీళ్లగిన్నె దగ్గరికెళ్లి తాగింది.

పెద్దావిడ సోఫాలో చతికిలబడింది.

"ఇది ఇక అంగుళం కదలదు. నచ్చనివాళ్లు వెళ్లొచ్చు. తలుపెక్కడుందో కళ్లులేని కుక్కకే తెలుసు, నీకు తెలీదా?"